ఎడమ కాలి బొటనవేలు

బాన్సువాడలో రాజేశ్వర్ సేట్ ముఖం తెలియని మగవాడు లేడు. బస్టాండులో ఫ్లెక్సీల మీద ఉంటుంది, పెళ్లిపత్రికల వెనక ఉంటుంది, వినాయక మండపం దగ్గరైతే వినాయకుడి కన్నా కాస్త పెద్దగానే ఉంటుంది. కానీ ఆయన కార్ఖానాకు ఏళ్ల తరబడి బీడీలు మోస్తున్న ఆడవాళ్లను పట్టుకొని, మీ సేట్ ముఖం ఎలా ఉంటుందని అడిగి చూడండి. నీళ్లు నములుతారు. వాళ్లకు తెలిసింది ఆయన చేతులూ పాదాలూ మాత్రమే.

అక్కడి రివాజు అలాంటిది. కార్ఖానా తూచి ఇచ్చే తునికాకు, తంబాకు తెచ్చుకొని ఇంట్లో చుట్టిన బీడీలను కట్టలు కట్టి, చాటలో పేర్చుకొని, మధ్యాహ్నానికి కార్ఖానా వాకిట్లో వరుస కట్టాలి. సేట్ కుర్చీలో కూర్చుంటాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చొని, చాటను ఆయన పాదాల దగ్గర పెట్టి, తల వంచి, రెండు అరచేతులూ పైకి చాపాలి. ఆయన కట్ట తీసి, నచ్చని బీడీని విరిచి ఆ అరచేతుల్లో పడేస్తాడు. తల ఎత్తకూడదని ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు. అత్తను చూసి కోడలు, తల్లిని చూసి బిడ్డ నేర్చుకున్నారు.

తల వంచిన మనిషికి పాదాలే కదా కనిపించేవి. అందుకని వాళ్లంతా ఆ పాదాలను బడిపిల్లలు ఎక్కాలు బట్టీపట్టినట్టు బట్టీపట్టారు. బీడీ విరిచే ముందు సేట్ ఎడమ కాలి బొటనవేలు చెప్పులో లేచేది. మిగతా వేళ్లు కదిలేవి కావు, అదొక్కటే నిక్కేది. అది లేచిందంటే ఇక కష్టం మట్టిలో కలిసినట్టే. లేవకుండా చాట దాటిన రోజున ఇళ్లలో పిల్లలకు తిట్లు తక్కువ పడేవి.

వైశాలి ఆ వేలిని మొదటిసారి తల్లి భుజం వెనక నుంచి చూసింది. తల్లి సాయవ్వ బీడీలు చుడుతుంది. తండ్రి బాలరాజ్ మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. వస్తే చుట్టం, పోతే ఫోను. ఇల్లు నడవడమూ, బిడ్డ బడికి పోవడమూ, అన్నీ సాయవ్వ చాట మీదే.

వైశాలి ఏడో తరగతిలో ఉన్న వానాకాలంలో, సాయవ్వ ఒక తప్పు చేసింది. తల ఎత్తింది. జ్వరంతో మూలుగుతూ చుట్టిన బీడీలవి. వంక పెట్టడానికి లేని పని. సేట్ ఆ రోజు ఎవరి మీద కోపంతో వచ్చాడో, కట్ట తర్వాత కట్ట విరుస్తూ పోయాడు. సాయవ్వ ఓర్చి ఓర్చి, "మంచిగనే చుట్టిన గద సేటూ," అంది. అంటూ చూపు పైకెత్తింది. పూర్తిగా కూడా కాదు, ఆయన గడ్డం దాకా పోయి ఉంటుందేమో.

"ఏందే, మొఖం చూస్తున్నవ్?" అన్నాడు సేట్.

అంటూనే చాటను కాలితో తన్నాడు. బీడీలన్నీ వానకు బురదైన వాకిట్లో పడ్డాయి. "ఏరుకో. మొఖం కాదు, కింద చూసి ఏరుకో," అని చెప్పు కొసతో ఒక్కో బీడీనీ ఆమె వైపు నెట్టాడు. సాయవ్వ ఏరింది. తడిసిన బీడీ దేనికీ పనికిరాదని ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, వరుసలో నిలబడ్డ అందరికీ తెలుసు. అయినా ఆఖరి బీడీ దాకా ఏరించాడు. బడిసంచిని గుండెకు కరుచుకొని, గోడ పక్కన నిలబడి వైశాలి మొత్తం చూసింది.

ఇలాంటి చోట పిల్లకు తల్లి మీద జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కానీ జాలి తర్వాత ఎప్పుడో వచ్చింది. ముందు వచ్చింది పగ. వీడు నలుగురిలో, ఈ ఆడవాళ్ల ముందే, వంగి ఏరుకోవాలి అనుకుంది. అంతకు మించి ఏమీ కోరుకోలేదు. పాము పగ పన్నెండేళ్లంటారు. పాముకైనా మధ్యలో కుబుసం విడిచే తీరిక ఉంటుంది, వైశాలికి అదీ లేదు.

చేతికి కత్తి దొరకలేదు కానీ ఇంకొకటి దొరికింది. ఆ పిల్లకు ఎవరి నడక చూసినా ఒంటికి అంటుకుపోయేది. పిట్లం బస్సు కండక్టరు, లెక్కల సారు, పక్కింటి లచ్చవ్వ, అందరూ ఆమె ఒంట్లో ఉండేవారు. నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ నాటకాలు వేసింది. హైదరాబాద్‌లో నాటకంలో పీజీ చేసింది. అక్కడే ఒక మేడమ్, మాటలు లేకుండా ఒంటితోనే కథ చెప్పే నాటకం ఒకటుందనీ, దాన్ని నేర్పే బడి లండన్‌లో ఉందనీ చెప్పి, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయించింది. అది వచ్చింది.

ఆమె మేనమామ భూమేష్ ఆటో నడుపుతాడు. లండన్ అనగానే స్టాండులో అందరికీ చాయ్ తాగించాడు. తర్వాత అసలు సంగతి తెలుసుకొని నెత్తి పట్టుకున్నాడు.

"డాక్టరీ కాదా?"

"కాదు మామా. ఒళ్లు కదిలించుడు."

"గా దానికి విమానం ఎక్కాల్నా? నాట్లకు రా, పొద్దు గూకేవరకు మస్తు కదులుతది."

సాయవ్వ మాత్రం బిడ్డ సంచిలో సకినాల డబ్బా, మామిడి తొక్కు సీసా సర్ది, బస్సు కదిలే దాకా కిటికీ కమ్మీ పట్టుకొని నిలబడింది.

లండన్‌లో ఆ బడి చూస్తే భూమేష్ ఇంకా బాధపడేవాడు. రైలు పట్టాల కింద ఇటుక కమాను, దానికి తలుపు బిగించి బడి అన్నారు. పైన రైలు పోయినప్పుడల్లా గోడలు వణికేవి. చల్లటి చెక్క నేల మీద రోజంతా చెప్పులు లేకుండా నడవాలి, పడాలి, లేవాలి. పంతులమ్మ టెరెసా పోర్చుగల్ మనిషి, ముసలామె, తెల్ల జుట్టు. నవ్వితే పిల్లలకు భయం, నవ్వకపోతే ఇంకా భయం.

మొదటి చలికాలంలో ఆమె ఒక పని చెప్పింది. ఒక్కొక్కరూ తమ ఊరి మనిషిని ఒకరిని ఒంటితో తీసుకురావాలి. మాట ఉండకూడదు. మిగతావాళ్లు తాతలనూ, చేపలమ్మే ఆడవాళ్లనూ తెచ్చారు. వైశాలి ఆలోచించే పనే లేదు. పొట్ట ముందుకు తోసి, మీసం మెలేసి, కళ్లురుముతూ నడిచింది. తరగతి పొట్ట పట్టుకొని నవ్వింది. టెరెసా నవ్వలేదు.

"ఇతన్ని నేను సినిమాల్లో చాలాసార్లు చూశాను," అంది. "ఇతనికి ఎవరూ భయపడరు. నువ్వు భయపడ్డ మనిషి ఏడీ? అతని ముఖం గుర్తు తెచ్చుకో."

వైశాలి కళ్లు మూసుకుంది. చేతులు వచ్చాయి, చెప్పులు వచ్చాయి, బురదలో బీడీలు వచ్చాయి. ముఖం రాలేదు. ఫ్లెక్సీ మీది ముఖం వచ్చింది కానీ అది వేరే ఎవరిదో అనిపించింది.

"ముఖం లేదు," అంది.

"అయితే తీసెయ్," అంది టెరెసా.

ఆ రోజు నుంచి వైశాలి ముఖానికి పలచటి గుడ్డ కట్టుకొని కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది. చేతులు త్వరగానే వచ్చాయి. కట్టను ఎడమ అరచేతిలో టకటకా కొట్టడం, బీడీల తలల మీద బొటనవేలు పారించడం, ఒకటి లాగి చెవి దగ్గర పెట్టి రెండు వేళ్ల మధ్య దొర్లించడం, విరవడం. చిక్కంతా కాలి దగ్గర వచ్చింది. బొటనవేలు ఒక్కటీ లేవనంటుంది. లేస్తే పక్క వేళ్లను వెంటేసుకొని లేస్తుంది. తోటి పిల్లలు గాలిలో పల్టీలు కొడుతుంటే ఈమె మూలన కూర్చొని తన వేలిని బతిమాలుకునేది.

"ఏం నేర్చుకుంటున్నవు బిడ్డా?" అని మేనమామ ఫోనులో అడిగితే, "కాలి బొటనవేలు లేపుడు మామా," అంది. ఆయన ఆ మాట ఆటో స్టాండులో ఎవరికీ చెప్పలేదు.

టెరెసా ఒకరోజు ఆమె పాదం పక్కన కూర్చొని చాలాసేపు చూసింది. "నీకు అతని మీద కసి ఉంది. కసితో ఒళ్లు బిగుస్తుంది, బిగిసిన వేలు లేవదు. అతను వేలు లేపేటప్పుడు కసితో లేపడు కదా. హాయిగా లేపుతాడు." కాస్త ఆగి, "ఇంకొకటి. వికారంగా చేస్తే జనం నిన్ను చూసి నవ్వుతారు. ఉన్నదున్నట్టు చేస్తే అతన్ని చూసి నవ్వుతారు," అంది.

నిజమే, వాడు హాయిగానే విరిచేవాడు. వైశాలి కసిని తగ్గించుకోలేదు, దాచుకోవడం నేర్చుకుంది. ఎండాకాలం వచ్చేసరికి వేలు ఒంటరిగా, తీరిగ్గా, ఏ పాపం ఎరగనట్టు లేచింది.

కుదిరిందో లేదో చెప్పగలిగే మనిషి ఒక్కతే ఉంది. ఒక ఆదివారం వైశాలి వీడియో కాల్ చేసింది. అటు సాయవ్వ ఫోనును తంబాకు డబ్బాకు ఆనించి బీడీలు చుడుతూ, గోంగూర రేటు గురించీ, పక్కింట్లో పెళ్లి సంబంధం గురించీ చెబుతోంది. వైశాలి ఏమీ చెప్పకుండా తన ఫోనును కిందికి వంచింది. చేతులూ పాదాలూ మాత్రం కనిపించేలా పెట్టి మొదలుపెట్టింది.

సాయవ్వ మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలోని బీడీ జారింది. తల మెల్లగా వంగింది. అరచేతులు రెండూ వాటంతటవే పైకి తిరిగి, ఫోను ముందు చాపుకొని నిలిచాయి. వైశాలి వేలు లేచింది. సాయవ్వ భుజాలు ఉలిక్కిపడ్డాయి.

వైశాలికి సిగ్గేసింది. కన్నతల్లిని అలా వంచినందుకు తన కాలు నరుక్కోవాలనిపించింది. దాంతోపాటు, దాచడమెందుకు, సంతోషం కూడా వేసింది. వేలు కుదిరింది.

సాయవ్వ అరచేతులను ఒళ్లోకి తీసుకొని, "ఏడ నేర్చినవే గది?" అంది.

"నీ ఎనకాల నిలబడి."

"ఇంకోపారి నాకు చూపియ్యకు బిడ్డా." చుట్టడానికి మళ్లీ ఆకు అందుకుంది. "చూపియ్యాల్సినోళ్లకు చూపియ్యి."

చదువు ముగించుకొని వైశాలి ఊరికి వచ్చేసరికి యాసంగి నాట్లు అయిపోయాయి. ఆమె ఏమీ చేయనక్కర్లేకుండానే పిట్ట వచ్చి వలలో కూర్చుంది. లండన్‌లో చదివిన మొదటి ఆడబిడ్డ అని ఊళ్లో పేరు మోగింది. పేరు మోగిన చోట తన ఫోటో లేకపోతే రాజేశ్వర్ సేట్‌కు అన్నం దిగదు. మహిళా దినోత్సవానికి ఆమెకు సన్మానమనీ, ఖర్చు తనదనీ, పిల్ల నేర్చుకున్న విద్య ప్రదర్శించాలనీ కబురు పంపాడు. బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఆయన ముఖం బండి చక్రమంత, ఆమె ముఖం అప్పడమంత. సాయవ్వ బిడ్డ అన్న సంగతి ఆయనకు తెలుసు. బురద సంగతి గుర్తుందో లేదో. తన్నినవాడికి గుర్తుండదు, తన్నులు తిన్నవాళ్లకే ఆ భారం.

భూమేష్‌కు మేనకోడలి ముఖం చూడగానే అనుమానం వచ్చింది. విషయం రాబట్టి, చెమటలు తుడుచుకున్నాడు.

"నువ్వు చేసేది చేసి మల్ల విమానం ఎక్కి పోతవు. ఆకు కోసం అక్క రేపు గా మనిషి ముందలనే కూసోవాలె. జర సోచాయించు."

ఇన్నేళ్లలో వైశాలికి అది తోచనే లేదు. తల్లి వైపు చూసింది. సాయవ్వ దారం పళ్లతో తెంపుతూ, "ఆకు ఇయ్యకపోతే నాట్లకు పోత. కలుపుకు పోత. నువ్వు ఫికర్ చెయ్యకు తమ్మీ," అంది.

మార్కెట్ యార్డు రేకుల షెడ్డులో సభ పెట్టారు. వడ్లు ఆరబోసే పట్టాలు పరిచి ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టారు, మగవాళ్లకు వెనక కుర్చీలు వేశారు. కార్ఖానా ఆడవాళ్లంతా వచ్చారు. రాకపోతే సేట్ ఊరుకోడు కదా. వేదిక మోకాలెత్తు గచ్చు. దాని మీద దీపం వెలిగించారు కనుక పెద్దలంతా చెప్పులు కింద విడిచి ఎక్కారు. పట్టా మీద కూర్చున్న ఆడవాళ్ల కళ్లకు సరిగ్గా ఎదురుగా, కుర్చీల వరుస కింద, ఊరి పెద్దల పాదాలన్నీ కొలువు తీరాయి.

వైశాలి తల్లి పాత చీర కొంగును ముఖానికి కట్టుకొని వచ్చి, వేదిక మధ్యలో కుర్చీలో కూర్చుంది. పాట లేదు, డప్పు లేదు, చేతిలో బీడీకట్ట కూడా లేదు. చేతులు కదిలాయి.

వెనక మగవాళ్లు గుసగుసలాడారు. "యోగానా?" అన్నాడొకడు. "లండన్ల గిట్లనే ఉంటదట," అన్నాడు ఇంకొకడు. రాజేశ్వర్ సేట్ పక్కనున్న ఆఫీసరు వైపు వంగి, "ఇంటర్నేషనల్ లెవల్ సార్," అన్నాడు.

ముందు కూర్చున్న ఆడవాళ్లలో మాట ఆగిపోయింది. వైశాలికి పలచటి కొంగులోంచి వాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. ఒక తల వంగింది. పక్కన ఇంకొకటి. గాలికి వరిచేను ఒరిగినట్టు వరసంతా ఒరిగింది. ఒళ్లో పెట్టుకున్న చేతులు వెల్లకిలా తిరుగుతున్నాయి.

సేట్‌ను వంచుదామని సముద్రాలు దాటి తెచ్చిన విద్య, తీరా ఇక్కడ మళ్లీ ఆడవాళ్లనే వంచుతోంది. వైశాలి ఆపేద్దామనుకుంది. తల్లి కోసం వెతికింది. సాయవ్వ మూడో వరుసలో ఉంది. ఆమె తల ఒక్కటే నిటారుగా ఉంది.

వైశాలి లేని బీడీని చెవి దగ్గర దొర్లించి, హాయిగా, తీరిగ్గా, ఎడమ కాలి బొటనవేలు లేపింది.

పళ్లూడిన లచ్చవ్వ గొంతు వినిపించింది. "ఓయమ్మ, లేసిందే." కిసుక్కున నవ్వింది. పక్కామె నవ్వు ఆపుకోబోయి దగ్గింది. ఆ నవ్వు పట్టాల మీద నిప్పులా పాకింది. వంగిన తలలు ఒక్కొక్కటే లేచాయి. ఇన్నేళ్లూ తమ ప్రాణాలు తోడేసింది ఇంత వేలా అన్నట్టు ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వారు. మగవాళ్లకు అర్థం కాలేదు, కానీ నవ్వకపోతే తెలివితక్కువ అనుకుంటారని వాళ్లూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది రాజేశ్వర్ సేట్. ఎవరి వీపు వాళ్లకు కనిపించదు.

నవ్వుతూనే శాలువా పట్టుకొని ముందుకు వచ్చాడు. వైశాలి సన్మానానికి నిలబడలేదు. ఆయన ముందు గొంతుక్కూర్చుంది. తల వంచింది. రెండు అరచేతులూ పైకి చాపింది.

ఫోటోగ్రాఫరు తొందరపెడుతున్నాడు. సేట్ చేతిలో మడత పెట్టిన శాలువా ఉంది. ఎదురుగా వంగిన తల, చాచిన చేతులు. ఏళ్ల తరబడి అలవాటైన ఒళ్లు ఆయన్ను అడక్కుండానే తన పని చేసుకుపోయింది. ఎడమ అరచేతిలో శాలువాను టకటకా కొట్టాడు. మడతల అంచు మీద బొటనవేలు పారించాడు. గచ్చు మీద, అంతమంది కళ్లెదుట, ఎడమ కాలి బొటనవేలు లేచింది.

"అగో," అంది లచ్చవ్వ.

ఈసారి నవ్వుకు రేకులు అదిరాయి. మగవాళ్లు ఆడవాళ్ల చూపు ఎటుందో వెతికి, సేట్ పాదం మీద ఆగారు. ఆయన కూడా అటే చూశాడు. తన వేలిని పరాయి మనిషి వేలిలా చూశాడు. దించబోతే మిగతా వేళ్లు ముడుచుకున్నాయి, అది ఇంకా నిక్కింది. శాలువా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది.

వైశాలి తీయలేదు. ముఖం మీది కొంగు విప్పి, ఆయనకు మాత్రమే వినపడేలా, "కింద చూసి ఏరుకో సేటూ," అంది.

సన్మానంలో జారిన శాలువాను ఇచ్చేవాడే ఎత్తాలి. ఆఫీసరు చూస్తున్నాడు, కెమెరా చూస్తోంది. రాజేశ్వర్ సేట్ వంగాడు. మోకాళ్లు పట్టేసి, ఒక చెయ్యి నేలకు ఆనించి, బురద లేని శుభ్రమైన గచ్చు మీది నుంచి శాలువా ఏరుకున్నాడు. ఆ క్షణాన వైశాలి కడుపు చల్లబడింది. అది తప్పని ఆమెకు ఏ కోశానా అనిపించలేదు.

ఆయన ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? వైశాలి ఆయన పేరు పెట్టిందా, ముఖం చూపిందా? నన్ను వెక్కిరించిందని అనాలంటే ముందు ఆ చేతులూ కాళ్లూ నావేనని ఒప్పుకోవాలి.

మరునాడు మధ్యాహ్నం సాయవ్వ చాట ఎత్తుకొని కార్ఖానాకు బయలుదేరింది. వైశాలి వెంట వెళ్లి, చిన్నప్పుడు నిలబడ్డ గోడ పక్కనే నిలబడింది. సేట్ కుర్చీలో ఉన్నాడు. మార్చి ఎండలో నల్లటి బూట్లు, లోపల మేజోళ్లు తొడుక్కొని కూర్చున్నాడు. వరుసలో ఎవరూ నవ్వలేదు. నవ్వే అవసరం కూడా కనిపించలేదు.

సాయవ్వ ఎప్పటిలాగే గొంతుక్కూర్చొని, చాటను బూట్ల దగ్గర పెట్టింది. చేతులు చాపలేదు. తల ఎత్తి, కళ్లార్పకుండా ఆయన ముఖంలోకి చూసింది.

"ఏందే, మొఖం..." అని సేట్ మొదలుపెట్టి ఆగాడు.

"గప్పుడు సగమే చూసిన సేటూ," అంది సాయవ్వ. "మిగిలింది చూస్తున్న."

ఆమె వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా చూస్తున్నారు. సేట్ కట్టలు తీసుకొని, ఒక్క బీడీ విరవకుండా పక్కన పెట్టి, సాయవ్వకు ఆకు తూచమని లోపలికి కేకేశాడు.